లాంపు బ్యాటరీ మీద తీగల పాట

మొన్న ఆదివారం ప్రార్థన ముగించుకుని నడిచి వస్తుంటే, చౌరస్తా దాటాక ఒక మిరపకాయ బజ్జీల బండి దగ్గర పచ్చి బొగ్గు పొగ వాసన ముక్కుకు తగిలింది. ఇప్పుడు ఇళ్లన్నిటా గ్యాసే, బండ్ల మీదా గ్యాసే. ఆ పెద్దాయన ఎక్కడ సంపాదించాడో ఏమో, నాలుగు బొగ్గు పెళ్లలు రాజేసి అట్టముక్కతో విసురుతూ కూర్చున్నాడు. గంధకం, తడిమన్ను, కొంచెం తారు కలిసినట్టుండే ఆ వాసన కొందరికి దగ్గు తెప్పిస్తుంది, నాకూ తెప్పించింది. కానీ దగ్గుతూనే అక్కడ నిలబడిపోయాను, ఎందుకంటే ఆ పొగతోపాటే నా చెవిలో ఫిడేళ్లు మొదలయ్యాయి, ఒకటీ రెండూ కాదు, చిన్నవీ పెద్దవీ కలిపి ఓ ముప్ఫై నలభై, అన్నీ ఒక్కసారి కమాను లాగినట్టు. బొగ్గు పొగకూ పడమటి దేశాల ఫిడేళ్లకూ సంబంధమేమిటని ఎవరైనా అడిగితే, ఒక బస్తీనీ అందులో అయిదుగురు మనుషులనూ వాళ్ల ముందు కూర్చోబెట్టాలి నేను.

ఎనభైల నడుమ మాట ఇది. గోదావరిఖనిలో మా బాపు బొగ్గుబాయిలో దిగి, పట్టాల మీద నడిచే టబ్బుల్లో బొగ్గు నింపేవాడు. మా దిక్కు గనిని బాయి అనే అంటారు. క్వార్టరు ఇంకా రాలేదు కాబట్టి, మాలాగే వరుసలో ఉన్నవాళ్లందరితో కలిసి ఊరి అంచున ఒక గుడిసెల బస్తీలో ఉండేవాళ్లం. మట్టిగోడలు, పైన తాటికమ్మ, వానకాలం దాని మీద ఒక నల్లటి టార్పాలిన్. కరెంటు లేదు. చీకటి పడబోతుండగా వాకిట్లో నిలబడితే దూరంగా రామగుండం పొగగొట్టాల నెత్తిన ఎర్రదీపాలు వెలిగేవి. మన బొగ్గుతోనే అక్కడ కరెంటు పుట్టి దేశమంతా పోతుందని బాపు వేలు చూపించి చెప్పేవాడు. మేం కందిలి చిమ్నీ తుడుచుకుంటూ సంతోషంగా వినేవాళ్లం.

ఆ వేళకే ప్రతి ఇంటి ముందూ బొగ్గు కుప్ప రాజేసేవారు. పచ్చి బొగ్గు పొయ్యిలో పెడితే ఇల్లంతా పొగ కమ్ముతుందని, ముందుగా ఆరుబయట కాల్చి, పొగంతా పోయాక నీళ్లు చల్లి, ఆ కాలిన బొగ్గును వంటకు దాచుకునేవారు. వంద ఇళ్ల ముందు వంద కుప్పలు. పొగ మా బస్తీ మీద దుప్పటిలా పరుచుకునేది. నాకు పుట్టుకతోనే ఆయాసం. బడికి పంపితే మొదటి వారంలోనే రెండుసార్లు దవాఖానకు ఎత్తుకెళ్లాల్సి వచ్చిందట. ఆ తర్వాత అమ్మే నాకు బడి అయింది. అమ్మ మిషను హాస్టల్లో ఏడో తరగతి దాకా చదువుకుంది. వేదగ్రంథంలోనూ పాటల పుస్తకంలోనూ నాకు అక్షరాలు చూపించింది, చింతగింజలతో ఎక్కాలు చెప్పింది, కుట్టుమిషను మీద జాకెట్ల కొలతలతో భిన్నాలు నేర్పింది. నేను చదివిన చదువంతా అమ్మ కాళ్లు తొక్కే ఆ మిషను చప్పుడు మీద నడిచింది. బడి చూడనందుకు నాకు ఎన్నడూ చింత లేదు, అంత మంచి పంతులమ్మ దొరికినందుకు దేవునికి స్తోత్రం చెప్పుకోని రోజూ లేదు.

బయట ఆడుకునే పిల్లల్ని గడపలో కూర్చుని చూసేదాన్ని. నా ఆటలు కూర్చుని ఆడేవి: అష్టాచెమ్మా, గచ్చకాయలు, బాపమ్మతో ఓమనగుంటలు. బాపమ్మ అంటే బాపు తల్లి. ఆమె ఆటలో తొండి చేసేది, పట్టుకుంటే "ముసలిదాన్ని, కండ్లు కనవడయి బిడ్డా" అనేది, చింతగింజ ఎగరేసి మాత్రం గాలిలోనే పట్టేది. ఎండాకాలం అడవి నుంచి గంపల్లో తునికిపండ్లు వచ్చేవి, పసుపుపచ్చని గుజ్జు నాలుకకు అతుక్కునేది. బతుకమ్మ రోజుల్లో బస్తీ ఆడవాళ్లు తంగేడు పూలతో తిరిగి వచ్చేసరికి వాళ్ల చీరలకంతా పుప్పొడి. క్రిస్మస్‌కు బాపమ్మ నేలమీద తెల్ల గుడ్డ పరిచి సకినాలు చుట్టేది, ఒక్కో చుట్టూ గుండ్రంగా గీత గీసినట్టుండేది. రంజాన్ పండక్కి పక్కింటి రహీం కాక భార్య గిన్నెనిండా షీర్ ఖుర్మా పంపితే, గిన్నె ఖాళీగా తిప్పి పంపకూడదని అమ్మ అందులో సకినాలు పోసి పంపేది.

రహీం కాక బాపు పనిచేసే బాయి మీదనే లాంపు రూములో ఉండేవాడు. బాయిలోకి దిగే ప్రతి మనిషి టోపీకీ ఒక దీపం ఉంటుంది, నడుముకు కట్టుకున్న బరువైన బ్యాటరీ నుంచి దానికి వైరు వస్తుంది. ఆ దీపాలను ఛార్జింగు పెట్టి, తుడిచి, టోకెన్ తీసుకుని మనిషికొకటి ఇవ్వడం కాక పని. "నేను ఒక్కరోజు పండుకుంటే మీ బాపు బాయిల గుడ్డోడే" అని నాతో మురిపెంగా అనేవాడు. ఇంటికొచ్చాక ఆయన చేతులు ఊరుకునేవి కావు, పాడైన రేడియోలు, గడియారాలు ముందేసుకుని కూర్చునేవాడు.

ఇంకొక మనిషి వసుంధర గారు. ఇంజనీరు గారి భార్య, కాకినాడ ఆవిడ, ఆఫీసర్ల బంగళాల్లో ఉండేవారు. అమ్మ ఆవిడకు జాకెట్లు కుట్టేది. పొగ లేని పొద్దుటిపూట నన్ను వెంటబెట్టుకుని కుట్టినవి ఇవ్వడానికి వెళ్లేది. ఓడల్లో పనిచేసే తమ్ముడు పంపే క్యాసెట్లు ఆవిడ దగ్గర ఒక అల్మారా నిండా ఉండేవి. ఒక చలికాలం పొద్దున ఆయాసంతో నేను వాళ్ల వరండా మెట్ల మీదే కూలబడితే, మంచినీళ్లిచ్చి, వీపు నిమిరి, లోపలికి వెళ్లి ఒక క్యాసెట్ తెచ్చి నా ఒళ్లో పెట్టారు.

"ఇందులో మాటలుండవమ్మా కరుణా, అన్నీ తీగల వాద్యాలే. కళ్లు మూసుకుని పడుకుని వింటూ ఉండు, ఊపిరి కుదుటపడుతుంది. మా తమ్ముడు ఉద్యోగంలో చేరాక పంపిన మొదటి క్యాసెట్ ఇది, కాస్త జాగ్రత్తగా చూసుకో" అన్నారు.

క్యాసెట్ అయితే వచ్చింది, వినడానికి యంత్రమేదీ? రహీం కాక రెండు చచ్చిన టేపు రికార్డర్లను కలిపి ఒక బతికినదాన్ని చేశాడు. దాని డొక్క ఒకవైపు నలుపు, ఒకవైపు ఎరుపు. కరెంటు లేదు కాబట్టి, పనికిరాదని కాగితం రాసి తీసేసిన ఒక పాత లాంపు బ్యాటరీకి రెండు వైర్లు తగిలించాడు.

"నడుస్తదా కాకా?" అని అడిగాను.

"నడుస్తదా ఏంది బేటీ, ఉరుకుతది" అన్నాడు కాక.

ఆ సాయంత్రం మా ఇంటి ప్రార్థన అయ్యాక మొదటిసారి దాన్ని పెట్టాం. ముందు గరగరమని గాలి చప్పుడు. తర్వాత నేల కింది నుంచి పైకి వస్తున్నట్టు ఒక బరువైన నాదం లేచింది. దాని మీద ఇంకొకటి, దాని మీద ఇంకొకటి, తొందర లేకుండా, నిండు చెరువులో అల మీద అల వచ్చినట్టు. ఏ ఒక్క స్వరమూ పక్కదాన్ని తోసుకుని ముందుకు రాలేదు. అంత నెమ్మది, అంత గంభీరం. అమ్మ ప్రార్థనకు కప్పుకున్న కొంగు తీయబోయి మళ్లీ తలమీదికి లాక్కుంది. అది చూసి బాపమ్మ కూడా కప్పుకుంది. అప్పుడే స్నానం చేసి వచ్చిన బాపు, ఎంత రుద్దినా పోని బొగ్గు కాటుకలా కళ్లచుట్టూ నిలిచి ఉండగా, అరచేతులు మోకాళ్ల మీద పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. గడపలో ఉన్న రహీం కాక చెప్పులు విడిచి, జేబురుమాలు తలకు చుట్టుకున్నాడు. ఇది ఏదో దేశపువాళ్లు దేవునికి చేసుకునే ప్రార్థన అని ఎవరూ చెప్పకుండానే మా అయిదుగురికీ అర్థమైపోయింది.

ఆనాటి నుంచి అది మా ఇంటి నియమం. నాలుగు పాటలు ఉండేవి అందులో. మొదటిది గుడి తలుపులు తెరిచినట్టు. రెండోది ఉయ్యాల ఊగినట్టు. మూడోది ఎవరో చాలా దూరంలో ఒక్కరే కూర్చుని కన్నీళ్లు తుడుచుకుంటున్నట్టు. నాలుగోది షిఫ్టు దిగి వంద మంది ఒక ఏటవాలు తొవ్వ ఎక్కి పైకి వస్తున్నట్టు. బాపమ్మ దాంతోనే వంట కొలుచుకునేది: మొదటి పాటకు ఎసరు, రెండోదానికి బియ్యం, మూడోదానికి గంజి వార్చడం, నాలుగో పాట ముగిసేసరికి చారు పొంగడం. నేను మాత్రం గోడకానుకుని పాటతోపాటు ఊపిరి పీల్చేదాన్ని, పాటతోపాటు వదిలేదాన్ని. ఒక్క కమాను లాగుడుకు ఒక ఊపిరి. బయట వంద కుప్పలు పొగ చిమ్ముతుంటే నేను లోపల కూర్చుని దగ్గకుండా పాట చివరిదాకా వెళ్లిన రోజున, అమ్మ నా నుదుటి మీద చెయ్యి పెట్టి ఉంచింది.

ఆ వాద్యాల పేర్లు మాకు తెలియవు, అందుకని మేమే పెట్టుకున్నాం. అన్నిటికంటే సన్నగా పాడేది 'సన్నది'. దానికి తోడుగా నడిచేది 'దాని చెల్లె'. నడుమ గొణుగుతూ ఉండేది 'నడిమిది'. మగవాళ్ల గొంతులా నిండుగా ఉండేది 'పెద్దన్న'. అన్నిటికన్నా అడుగున, వినిపించడం కంటే చాప మీద కూర్చుంటే తొడలకు తెలిసేది, దాని పేరు 'బాయి'. బాపు పెట్టాడు ఆ పేరు.

బ్యాటరీని ప్రతి ఆదివారం చౌరస్తాలో ఛార్జింగు దుకాణంలో ఇచ్చి సాయంత్రానికి తెచ్చేవాడు కాక. సోమవారం పాట కొంచెం హుషారుగా ఉండేది, గురువారానికి మందగించేది, శనివారం నాటికి ఒక్కో స్వరం ఎత్తలేక ఎత్తినట్టు, చివరకు మూలిగినట్టు అయ్యేది. బాపమ్మకు దీనిమీద సొంత లెక్క ఉంది. "వారమంతా డ్యూటీ చేసిండ్రు పాపం, చేతులు గుంజుతున్నయి కావచ్చు. రేపు ఆయితారం ప్లేడే, పండుకోనీ" అనేది. ప్లేడే అంటే బాయి సెలవు. మాటలున్న పాటల క్యాసెట్ ఒక్కటి మా ఇంట్లో ఉన్నా, ఆ గొంతు విని ఏదో తేడా ఉందని తెలిసేది. మాకున్నది ఆ ఒక్క క్యాసెట్టే.

అలా చలికాలం పోయి, ఇప్పపూల వాసన వచ్చి పోయి, రోళ్లు పగిలే ఎండలు వచ్చాయి. మే నెలలో ఒక పొద్దున అమ్మ బంగళా నుంచి తిరిగి వచ్చి, సంచీ కింద పెట్టి, "ఇంజనీరు సారుకు బదిలీ అయిందట. నెలరోజులకు పోతరట" అంది.

నాకు మొదట వసుంధర గారు గుర్తురాలేదు. పాపం తగలనీ, క్యాసెట్టే గుర్తొచ్చింది.

"అడుగుదామా అమ్మా, మనకే ఇయ్యుమని?" అన్నాను.

"అడిగితే ఇస్తది బిడ్డా, గందుకే అడగద్దు. తమ్ముడు పంపిన మొదటి గుర్తు అది. కాపీ చేసుకుంటమన్నా, గంత ఇష్టమైతే మీరే ఉంచుకోండ్రి అంటది. ఆమె మనసు గసొంటిది. మంచోళ్ల దగ్గర నోరు తెరిసేముందు మనమే ఇచారించుకోవాలె" అంది అమ్మ.

ఆ మధ్యాహ్నం నేను ఏడవలేదు, ఏడిస్తే ఆయాసం వస్తుందని భయం. గోడవైపు తిరిగి పడుకున్నాను. నాకున్న ఊపిరిలో సగం ఆ పాట ఇచ్చిందని నా నమ్మకం. అది పోతే నా ఊపిరి ఏం కానూ? మొదటి షిఫ్టు దిగి వచ్చిన బాపు సంగతి విని, నా పక్కన చాప మీద కూర్చున్నాడు.

"బాయిల దీపం పోతే ఏం జేస్తరో ఎరికేనా?" అన్నాడు.

"ఏం జేస్తరు?"

"ఏం జెయ్యరు. దీపం ఉన్నప్పుడే తొవ్వ నేర్సుకొని పెట్టుకుంటరు. పట్టా మీద కాలుపెట్టి, గోడ మీద చెయ్యిపెట్టి, గుడ్డిగ నడిసి పైకొస్తరు. నెలరోజుల దీపమున్నది గద మనకు. నేర్సుకుందాం పా."

అలా మొదలైంది. సన్నది నాకు, చెల్లె అమ్మకు, నడిమిది బాపమ్మకు, పెద్దన్న రహీం కాకకు, బాయి బాపుకు. నోటితో మాటల్లేకుండా, పెదాలు మూసి, ముక్కుతో హుం అనడమే. బాపు చెప్పిన పద్ధతే పెట్టుకున్నాం. కాసేపు పాటతో కలిసి పాడతాం. హఠాత్తుగా కాక బ్యాటరీ నుంచి ఒక వైరు లాగేస్తాడు, బాయిలో దీపం పోయినట్టు. మేం ఆగకూడదు. చీకట్లో నడిచినట్టు ఎవరి తొవ్వన వాళ్లు ముందుకు పోవాలి. ఒక గుక్క పాడి ఆగాక, కాక మళ్లీ వైరు తగిలిస్తాడు, మేం ఎక్కడ తప్పామో అసలు పాట చెబుతుంది.

మొదట్లో ఆ హుంకారాలు విని బస్తీలో కుక్కలు అరిచేవి. పక్క వాడకట్టు ఆడవాళ్లు నీళ్లకు పోతూ ఆగి, "ఏమైందే ముసలమ్మా, అందరికీ ఒక్కసారే పన్నునొప్పి లేసిందా?" అని బాపమ్మను అడిగేవారు. "పన్నున్నోళ్లకు కదే నొప్పి" అని బోసినోరు చూపించేది బాపమ్మ. ఆమెది కష్టమైన పని, ఎందుకంటే నడిమిదానికి తనదంటూ పాట ఉండదు, అందరి నడుమా సందులు పూడ్చడమే. "ఇంట్ల ముసల్ది చేసే పనే గిది, నాకు వేరే నేర్పుడెందుకు" అని గొణుక్కుంటూనే మా అందరికంటే ముందు నేర్చుకుంది. రహీం కాక పెద్దన్నను మరీ ప్రేమగా లాగేవాడు, బాపు ఆయన మోకాలు తట్టి ఆపేవాడు. అమ్మ ఎప్పుడూ తప్పలేదు. బాపు గొంతు బాయిలోకి దిగితే ఇక మా చాప వణికేది. జూన్‌లో మొదటి వాన పడి, బొగ్గు దుమ్మంతా నేలకు అణిగిన రోజున, వైరు లాగేశాక నాలుగు పాటలూ ఒక్కచోట తప్పకుండా పూర్తి చేశాం. "పోయినా ఫికర్ లేదిగ" అన్నాడు కాక. నాకూ నిశ్చింతే. క్యాసెట్ వెళ్లిపోయినా పాట నాతోనే ఉంటుంది.

క్యాసెట్ తిరిగి ఇవ్వడానికి అయిదుగురమూ కలిసి వెళ్లాం. ఊరికే ఇస్తే బాగుండదని అమ్మ ఆవిడకు ఒక జాకెట్ కుట్టింది, బాపమ్మ డబ్బా నిండా సకినాలు చేసింది. బంగళా హాల్లో సామానంతా చెక్కపెట్టెల్లో సర్దేసి ఉంది. మేం నేర్చుకున్న సంగతి నేనే చెప్పాను. వసుంధర గారు నమ్మలేనట్టు చూసి, "మొత్తమా? ఏదీ, వినిపించండి" అంటూ ఒక పెట్టె మీద కూర్చున్నారు. ఇంజనీరు గారు కూడా కాగితాలు పక్కనపెట్టి వచ్చారు.

అమ్మా బాపమ్మా కొంగులు కప్పుకున్నారు. కాక రుమాలు చుట్టుకున్నాడు. కళ్లు మూసుకుని మొదలుపెట్టాం. కాసేపటికి నేను ఒక కన్ను తెరిచి చూస్తే ఆవిడ ముఖంలో మెచ్చుకోలు లేదు, అయోమయం ఉంది. ఎక్కడో చూసిన మనిషిని గుర్తుపట్టలేకపోతున్నట్టు నొసలు ముడిచి, మెడ పక్కకు వంచి వింటున్నారు. మొదటి పాట సగం దాటాక ఉన్నట్టుండి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. మేం పాట ముగించాక కూడా ఆ చెయ్యి తీయలేదు.

"ఏమండీ, ఒకసారి ఆ క్యాసెట్ మన డెక్కులో పెట్టండి" అన్నారు భర్తతో.

ఆయన పెట్టారు. గరగర. ఆ తర్వాత వచ్చింది మా పాట కాదు. కాదనడానికీ లేదు, మెట్లన్నీ అవే, మలుపులన్నీ అవే. కానీ బాయి ఎక్కడో పైన తేలుతోంది, సన్నది పిట్టలా కిచకిచమంటోంది, గుడి తలుపులు తెరుచుకోవాల్సిన చోట ఎవరో కిటికీలు ధన్‌మని తెరిచి నవ్వుతున్నారు. రెండో పాట వచ్చేసరికి అది ఉయ్యాల కాదు, నాట్యం. గౌన్లు వేసుకున్న ఆడవాళ్లు గిర్రున తిరుగుతున్నట్టు. ఒకరి ముఖం ఒకరం చూసుకోలేకపోయాం.

"దేంతో నడిపారు మీ టేపు రికార్డరుని?" అని ఇంజనీరు గారు అడిగారు.

"పాత లాంపు బ్యాటరీతోని సార్" అన్నాడు కాక.

"అది నాలుగు వోల్టులే కదయ్యా. దీనికి ఆరు కావాలి. తగ్గితే టేపు మెల్లగా తిరుగుతుంది, గొంతులూ బరువెక్కి కిందికి దిగుతాయి."

"నాలుగుకు తిరుగుతున్నది కదా, చాలు అనుకున్న సార్. తిరుగుడే చూసిన, ఎంత తిరుగుతున్నదో చూడలె. గలతీ నాదే" అని కాక తలకు చుట్టుకున్న రుమాలు విప్పి చేతిలో నలపడం మొదలుపెట్టాడు.

ఇంతలో బాపమ్మకు తన లెక్క తన్నుకొచ్చింది. "గింత జల్దిగ అయిపోతే అన్నమెట్ల ఉడుకుతదమ్మా?" అని అడిగింది. ఇంజనీరు గారు గోడ పట్టుకుని నవ్వారు. బాపమ్మ నవ్వలేదు. "ఇంతకు గిది ఏ దేవుని పాట అమ్మా?" అంది.

వసుంధర గారు ఒక్క క్షణం తటపటాయించారు. "దేవుడిది కాదండీ. సెరినేడ్ అంటారు. అంటే... సాయంకాలంపూట, మనసుపడ్డ అమ్మాయి కిటికీ కింద నిలబడి కుర్రాడు పాడుకుంటాడు చూడండీ, ఆ తరహా పాట."

బాపమ్మ మెల్లగా తలమీది కొంగు కిందికి దించింది. "ఆర్నెల్లు ముసుగేసుకొని ఇన్నది గీ ముచ్చటా" అంది. కాక గోడవైపు తిరిగిపోయాడు, భుజాలు మాత్రం ఎగురుతున్నాయి. బాపు పక్కకు తిరిగి అమ్మ వైపు చూశాడు. అమ్మ కొంగు దించలేదు, ఇంకాస్త ముందుకు లాక్కుంది.

అందరూ నవ్వుతున్నారు, నేను మాత్రం డెక్కులో తిరుగుతున్న క్యాసెట్‌నే చూస్తున్నాను. క్యాసెట్ ఇచ్చేస్తున్నాం. మాతో ఉంటుందనుకున్న పాటేమో తప్పుడు పాట. రెండూ పోయినట్టే కదా. పోయిన నెలంతా ఎండలో, పొగలో, ఊపిరి బిగబట్టి నేర్చుకున్నదంతా నాలుగు వోల్టుల పొరపాటు.

"మేం నేర్సుకున్నది తప్పా అమ్మగారూ?" అన్నాను.

ఆవిడ పెట్టె మీంచి దిగి నా ముందు నేలమీద కూర్చున్నారు. "నేను ఈ పాట వంద సార్లు విని ఉంటానమ్మా. లోపల ఇన్ని గొంతులున్నాయని ఇవాళే విన్నాను. వాళ్లు పరిగెత్తారు, మీరు నడిచారు, అంతే. తప్పెందుకవుతుంది?" అని, భర్త వైపు తిరిగి, "ఆ రికార్డింగు మైకు ఏ పెట్టెలో పెట్టారండీ?" అన్నారు.

మూడు పెట్టెల మేకులు పీకాక మైకు దొరికింది. క్యాసెట్‌కు రెండో వైపు ఖాళీగా ఉందట. "మా తమ్ముడికి పంపుతాను, ఊరికే చెబితే నమ్మడు" అన్నారు వసుంధర గారు. మేం మళ్లీ నిలబడ్డాం. ఈసారి కొంగులు కప్పుకోవాలా వద్దా అని బాపమ్మ అమ్మను చూసింది. అమ్మ కప్పుకునే ఉంది కాబట్టి తనూ కప్పుకుంది. "పాట ఎవరిదైతేంది, ఎవరి ఇష్టం వాళ్లది" అంది. నాలుగు పాటలూ పాడాం. మూడోదాంట్లో కాక గొంతు కొంచెం జీరపోయింది, అది కూడా టేపులో ఉండే ఉంటుంది. ఇంటికి తిరిగి వస్తుంటే వాన పట్టుకుంది, చెప్పులు బొగ్గు బురదలో కూరుకుపోయాయి, బాపు నన్ను వీపుమీద ఎక్కించుకుని రెండో పాటను వసుంధర గారి డెక్కు నడిపినంత వేగంగా పాడుతూ గిర్రున ఒక చుట్టు తిరిగాడు. "పొల్లను పడేస్తవురా" అని బాపమ్మ వెనక నుంచి తిట్టింది. తిడుతూనే నడిమిది అందుకుంది.

ఆ క్యాసెట్ ఎక్కడిదాకా వెళ్లిందో, ఏ ఓడ మీద మా అయిదుగురి హుంకారం మోగిందో నాకు తెలియదు. తొంభైలలో మాకు క్వార్టరు వచ్చింది, కరెంటు వచ్చింది, టేపు రికార్డరు సరైన వేగంతో తిరిగింది. అయినా చాలా ఏళ్లు, ప్రార్థన అయ్యాక, మేం ఆ పాటను మా నడకతోనే పాడుకున్నాం. నా ఆయాసం పూర్తిగా పోలేదు కానీ నన్ను పడగొట్టడం మానేసింది. పాట వల్లో, అమ్మ వల్లో, వయసు వల్లో, దవాఖాన మందుల వల్లో నేను విడదీసి చెప్పలేను. అన్నీ ఇచ్చినవాడు ఒక్కడే కనుక విడదీయాల్సిన అవసరమూ కనిపించలేదు.

ఇప్పుడు ఆ బస్తీ లేదు. ఆ నేలంతా బొగ్గు కోసం తవ్వి, పైమన్ను కుప్ప పోసి, దాని మీద వేపమొక్కలు నాటారు. బాపు పనిచేసిన బాయి మూసేశారు. బాపమ్మ, బాపు, రహీం కాక ఒకరి తర్వాత ఒకరు వెళ్లిపోయారు. అమ్మ ఉంది, ఎనభై దాటింది, చెల్లె పాటను ఇప్పటికీ తప్పదు. ఫోనులో వెతికితే ఆ సెరినేడ్‌ను పది పన్నెండు దేశాలవాళ్లు వాయించినవి దొరుకుతాయి, అన్నీ విన్నాను, అన్నీ బాగున్నాయి. మా అమ్మాయి నా కోసం వేగం తగ్గించి కూడా చూపించింది. పాట నెమ్మదించింది కానీ కిందికి దిగలేదు. ఈ ఫోన్లు పాటను సాగదీస్తాయే తప్ప గొంతు మారనివ్వవట. బాపు గొంతు దిగినంత లోతుకు అది దిగదు. చాప వణకదు. ఆ పాట ప్రపంచంలో ఏ దుకాణంలోనూ, ఏ ఫోనులోనూ దొరకదు.

అందుకే ఆదివారం ప్రార్థనకు వచ్చే పిల్లలకు నేర్పుతున్నాను. అయిదు వరుసలు చేసి కూర్చోబెట్టి, పెదాలు మూయించి, ఒక్కో వరుసకూ ఒక్కో తొవ్వ. పిల్లలు కదా, ఉరుకుతారు. చెయ్యెత్తి ఆపుతాను, మళ్లీ మొదలుపెడతాను. మొన్న మొదటి పాట చివరిదాకా వచ్చింది. అది అయిపోయాక ముందు వరుసలో రెండు జడల పిల్ల, "ఆంటీ, ఇది ఎక్కడి పాట?" అని అడిగింది.

"మనదే బిడ్డా, గోదావరిఖనిది" అన్నాను.

అబద్ధమాడానా అని ఆ సాయంత్రం ప్రార్థనలో పైకే దేవుణ్ణి అడిగాను. పక్కన అమ్మ కళ్లు తెరవకుండానే నవ్వింది.